జాలీ మీద లేని అలలు

మొన్న బీరంగూడలో ఒక పెండ్లికి పోయిన. మన కాలంలో పెండ్లి అంటే పందిరి, పీటలు, బాసింగం, పొద్దున్నుంచి ఆకలి. ఇప్పుడు పెండ్లి అంటే పీటల వెనుక ఇల్లంత వెలుగుతెర. దాని మీద జలపాతాలు దుంకుతున్నయి, నెమళ్లు ఆడుతున్నయి, మధ్యమధ్యలో పెండ్లికొడుకు సూటు వేసుకొని మంచుకొండ మీద నిలబడి ఎటో చూస్తున్నడు. ఆ వెలుతురుకు తట్టుకోలేక పంతులు కండ్లు మూసుకొనే మంత్రాలన్నీ చదివిండు, జనం దాన్ని భక్తి అనుకున్నరు. వచ్చిన చుట్టాలంతా ఫోన్లు ఎత్తి పట్టుకున్నరు. అక్షింతలు వేసేటోళ్లు కూడా ఒక చెయ్యి ఫోన్‌కు రాసిచ్చి, మిగిలిన చేత్తో గురి చూడకుండా విసిరితే, అందులో సగం నా సాంబారులో పడ్డయి.

నా పక్కన కూర్చున్న పెండ్లిపిల్ల మేనమామ తాను తీసిన ఫోటో తెచ్చి నా ముక్కు ముందర పెట్టిండు. జంట బాగానే ఉన్నది. వాళ్ల వెనుక తెర మీద మాత్రం జలపాతం లేదు, నెమలి లేదు. నల్లవి, ఊదావి, ఆకుపచ్చవి, వంకరటింకర చారలు, వాగు నీళ్ల మీద నూనె తేలినట్టు మెలికలు తిరిగి ఉన్నయి. ఫోటో అంచున నిలబడ్డ పెద్దమనిషిది ఇంకో గోస. ఈ పక్క మనిషిని, ఆ పక్క మనిషిని ఒక్క ముద్దలో మింగుదామనుకునే ఆ ఫోన్ అద్దం ఆయన తలను పక్కకు గుంజి గుంజి, గుమ్మడికాయ చేసి పెట్టింది. ఇగ చారల మీద పంచాయితి మొదలైంది. తెరకు కరెంటు ఎక్కువ తక్కువ అవుతున్నదని ఒకాయన, ఫోన్ వేడెక్కిందని ఒకాయన, ఎవరిదో దిష్టి తగిలిందని ఒకామె. ఈ ముగ్గురిలో దిష్టి అన్నామె మాటే నాకు కొంచెం శాస్త్రీయంగా తోచింది. అంతలో మా తోడల్లుడు నేనున్నానంటూ ఫోన్ గుంజుకొని, ఏదో యాప్ తెరిచి, ఒక్క వేలు ఆడించిండు. చారలు మాయమైనయి. వాటితో పాటు పెండ్లిపిల్ల పట్టుచీర మీది జరీ పువ్వులు కూడా మాయమై, ఆ చీర గోడకు సున్నం కొట్టినట్టు నున్నగ తయారైంది. నేతగాళ్లు నెలరోజులు కూర్చొని నేసిన పనిని ఒక్క వేలుతో తుడిచిపెట్టి, మా తోడల్లుడు విజయం సాధించినోని తీరు మీసం దువ్వుకున్నడు.

ఆ చారలతో నాకు పాత పరిచయం ఉన్నది. ఇరవై ఏండ్ల కింద ఇవే చారలు మా బావను నిలువునా మింగబోయినయి.

అప్పట్లో నేను పటాన్‌చెరులో ఒక ఫోటో స్టూడియోలో పని చేస్తుంటి. మన ఈడు వాళ్లకు అసొంటి స్టూడియోలు యాదికుండే ఉంటయి. వెనుక ఊటీ సరస్సు బొమ్మ గీసిన పరదా, ఒక ప్లాస్టిక్ గులాబీ, ఒక దువ్వెన, ఒక పౌడరు డబ్బా, ఒక నల్లకోటు. కంపెనీల గేటుపాసుకు ఫోటో కావాలని ఎవరొచ్చినా ఆ కోటే తొడిగేటోళ్లం. సన్నటోనికి వెనుక నుంచి బట్టల క్లిప్పులు పెట్టి బిగించేటోళ్లం, లావుటోనికి ముందర భాగం కప్పి వీపు దేవునికి వదిలేసేటోళ్లం. ఆ లెక్కన పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఉన్న కంపెనీలన్నిట్లో ఉద్యోగం చేసిన ఘనత ఆ కోటుకు ఒక్కదానికే దక్కింది. మందుల కంపెనీలో, స్టీలు కంపెనీలో, బిస్కెట్ల కంపెనీలో అన్నింటా అదే కోటు, తలలే వేరు. పింఛను ఇస్తే దానికే ఇయ్యాలె.

మా బావ అంటే మా అక్క పెనిమిటి. వాళ్లది బొంతపల్లి పక్కన పల్లె, తాతల నుంచి వ్యవసాయం. భూమిలో కంపెనీలు మొలిచినంక ఆయన కూడా అందరి తీరే కంపెనీలో చేరిండు. కానీ మూటలు మోసే పనిలో కాదు, జాలీ నేసే పనిలో. మందుల కంపెనీల్లో పొడిని జల్లించేందుకు వాడే స్టీలు జాలీ అది. దాని తీగ ఎంత సన్నమంటే, మా అక్క తలలో నుంచి ఒక వెంట్రుక తీసి పక్కన పెడితే ఆ వెంట్రుక మోకు తీరు కనిపించేది. మగ్గం మీద పడుగు తీగ, పేక తీగ, ఒకదాని సందున ఒకటి దూరి, మీటరు మీటరు నేత దిగుతుంటే, దాని మీద మా బావ అరచెయ్యి ఆనించి ఉంచేటోడు, పాలు తాగే పసిపిల్ల వీపు మీద తల్లి చెయ్యి ఉన్నట్టు. ఎక్కడన్నా ఒక తీగ వదులైతే కంటికంటే ముందు ఆ చేతికి తెలిసేది. ఆ మాట ఆయన స్వయంగా చెప్పేటోడు, ఒకసారి కాదు, అన్నం తిన్న ప్రతిసారి చెప్పేటోడు. మా బావలో వినయం అనేది నేను మచ్చుకు కూడా చూడలేదు. తాను నేసిన జాలీలో నుంచి గాలి కూడా పర్మిషన్ అడిగే పోతదని మా పెండ్లిచూపుల్లో మా కాబోయే మామగారికి చెప్పి, సంబంధం దాదాపు చెడగొట్టిండు.

ఆ కంపెనీలో ఒక రివాజు ఉండె. నేసిన జాలీని చుట్టి రోలు తయారైనంక, నేసినోడే దాని కొస నుంచి అరచెయ్యంత ముక్క కత్తిరించి, పేపర్లో చుట్టి, లారీ డ్రైవరు చేతికి స్వయంగా ఇయ్యాలె. కొనేటోళ్లు ముందుగాల ఆ ముక్కను భూతద్దం కింద పెట్టి చూసి, బాగుంటేనే రోలు దించుకునేటోళ్లు. ముక్క కోసినోని పేరు మీదనే రోలు పోయేది. మా బావ ముక్క పోయిన చోట భూతద్దం తియ్యకుండానే సరుకు దించుకుంటరని కంపెనీలో పేరు. ఈ పేరును కూడా పుట్టించింది మా బావే అని నా అనుమానం, కానీ అబద్ధం మాత్రం కాదు.

ఆ కంపెనీకి ఒక కొత్త మేనేజరు వచ్చిండు. ఆయన గురించి రాయాలంటే నా కలానికే రోత పుడుతది, అయినా రాస్త. మనిషి వచ్చేదానికంటే ముందు సెంటు వాసన వచ్చేది, వాసనకంటే ముందు కడుపు వచ్చేది, ఆ కడుపు మీద తాడుకు వేలాడుతూ ఒక డిజిటల్ కెమెరా వచ్చేది. దుబాయ్ నుంచి తెప్పించుకున్నడట. సబ్బుబిళ్లంత ఉండె, దానికి ఈయన ఇచ్చే మర్యాద మాత్రం ఊరేగింపులో దేవునికి కూడా దొరకదు. చాయ్ వస్తే చాయ్‌కి ఫోటో, వాచ్‌మన్ తుమ్మితే వాచ్‌మన్‌కు ఫోటో, గేటు కాడి కుక్కకు కూర్చొని ఒకటి, నిలబడి ఒకటి. రీలు లేదు, కడిగే పని లేదు, నొక్కంగనే కంప్యూటర్లో కనబడుతది అని దొరికినోనికల్లా ఉపన్యాసం. నన్ను చూస్తే మరీ సంబురం. మీ స్టూడియోలకు ఇగ రోజులు దగ్గర పడ్డయని, చావు కబురును పెండ్లి కబురు తీరు నవ్వుకుంటూ చెప్పేటోడు. ఆ కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లో ఆయనకు కంఠతా వచ్చు, పిక్సెల్ అంటే ఏందో మాత్రం ఆయనకూ తెలవదు, ఆయన కెమెరాకూ తెలవదు.

ఆ మహానుభావుడు వచ్చీ రాంగనే రివాజు తీసి పారేసిండు. ఈ కాలంలో పేపర్లో ముక్క చుట్టి పంపుడేంది, రాతియుగమా అని, రోలును గోడకు ఆనించి, తన కెమెరాతో ఫోటో తీసి, గుజరాత్‌లో కొనేటోళ్లకు కంప్యూటర్ మీద పంపిండు. మరునాడు వాళ్లు ఫోన్ చేసి, ఇదేం సరుకు, జాలీ నిండా అలలున్నయి, ఒక కాడ తీగలు గుంపుగ ఉన్నయి, ఒక కాడ పలుచగున్నయి, పొడి జల్లిస్తే సన్నదీ లావుదీ కలిసి దిగుతది, మాకు వద్దు అన్నరు. మేనేజరు తన కంప్యూటర్లో ఫోటో తెరిచి చూసిండు. నిజమే. జాలీ మీద ఈ కొస నుంచి ఆ కొసకు నల్లటి అలలు, పొలంలో గాలికి వరిపైరు వంగినట్టు వంగి ఉన్నయి.

ఇప్పుడు జెర ఆగి ఆలోచించాలె. రోలు షెడ్డులో ఉన్నది. షెడ్డు ఆఫీసుకు ఎదురుగ ఉన్నది. లేచి నాలుగు అడుగులు వేస్తే కంటితో చూడొచ్చు, చేత్తో ముట్టొచ్చు. ఆ మనిషి లేవలేదు. ఫోటోను పెద్దగ కలర్ ప్రింటు తీయించి, ఆ కాగితం పట్టుకొని మగ్గం కాడికి పోయి, రోలుకు వీపు పెట్టి నిలబడి, నీ నేత చూసుకో అని మా బావకు కాగితం చూపిచ్చిండు. కన్నబిడ్డ ఎదురుగ ఆడుకుంటుంటే, ఫోటోలో ముక్కు వంకరున్నదని బిడ్డను ఆసుపత్రికి తోలినట్టు. మగ్గం బందు పెట్టిచ్చి, సోమవారం యజమాని పట్నం నుంచి వస్తడు, ఆయన తేలుస్తడు, అప్పటిదాకా ఇంట్ల కూర్చో, చెయ్యి పడిపోయినోనికి మగ్గం ఇయ్యరు, లోడింగ్‌లో వేస్తరో గేటు బయట వేస్తరో ఆయన ఇష్టం అన్నడు.

లోడింగ్ పనికి మా బావ భయపడలేదు. ఎడ్లబండికి బస్తాలెత్తిన ఒళ్లు. చెయ్యి పడిపోయింది అన్న మాటే ఆయనను పడగొట్టింది. జాలీ కంపెనీలు ఆ దిక్కు ఏ నాలుగో ఉంటయి, చాయ్ హోటలు ఒక్కటే. ఫలానోని నేత అలలు పోయిందట అన్న మాట పొద్దున చాయ్‌లో పడితే సాయంత్రానికి అన్ని మగ్గాలకూ చేరుతది, ఆ తరువాత ఏ కంపెనీ కూడా ఆయనను మగ్గం మీద కూర్చోనియ్యదు.

మా అక్క కబురు పంపితే మధ్యాహ్నం పూట పోయిన. బావ దోమతెరలో ముడుచుకొని గోడ దిక్కు తిరిగి పడుకున్నడు. పట్టపగలు దోమతెర ఏందని పట్నం వాళ్లు అడగొచ్చు. మా దిక్కు దోమలు కూడా కంపెనీలను చూసి షిఫ్టులు నేర్చుకున్నయి, ఏ షిఫ్టు దోమ ఆ షిఫ్టుకు డ్యూటీ ఎక్కుతది. మా అక్క వంటింట్లో నుంచే, పొద్దున్నుంచి ముద్ద ముట్టలేదు తమ్మీ, నిన్న అన్నం తినేటప్పుడు కూడా తన గురించి తను ఒక్క గొప్ప చెప్పుకోలేదు, నాకు భయమైతున్నది అన్నది. భయపడవలసిన సంగతే. ఆయన గొప్ప చెప్పుకోకుండా అన్నం తినుడు ఆ ఇంట్లో అదే మొదలు.

బావ లేవకుండనే ఆ కలర్ ప్రింటు నాకు అందించిండు. చూసుకో బామ్మర్దీ, నాక్కూడా కనబడుతున్నయి, కండ్లు మూసుకుంటే మగ్గం మీద కూడా అవే కనబడుతున్నయి, నా చేతికి తెలవకుండ ఎప్పుడొచ్చినయో తెలుస్తలేదు అని గొణిగిండు. ఆ గొంతు వింటే నాకు నవ్వు రాలేదు. ఏమన్నా అందామని తెర దిక్కు చూసిన. తెర మడత పడి, రెండు పొరలు ఒకదాని మీద ఒకటి వచ్చిన కాడ, సరిగ్గా ఆ ఫోటోలో ఉన్నసొంటి అలలు. నేను తల పక్కకు జరిపితే అలలూ జరిగినయి. దగ్గరికి వంగితే అలలు పెద్దగైనయి. వెనుకకు జరిగితే చిన్నగైనయి. ఒక్క పొర ఉన్న కాడ ఏమీ లేదు, మామూలు దోమతెర. దోమతెరను నేసినోడు అలలు నెయ్యలేదు. రెండు జాలీలు ఒకదాని మీద ఒకటి పడి, గళ్లు సరిగ్గా కలువక, కొన్ని కాడ గడి మీద గడి కూర్చొని వెలుతురు దూరుతున్నది, కొన్ని కాడ గడికి దారం అడ్డమొచ్చి చీకటైతున్నది. ఆ వెలుగూ ఆ చీకటీ వరుస కట్టి అలలైతున్నయి.

బావను లేపి కూర్చోబెట్టి చూపిచ్చిన. ఆయన తెరను అటు గుంజి ఇటు గుంజి చూసి, సరే, ఇక్కడ రెండు పొరలున్నయి, నా జాలీ ఒక్క పొరనే గదా అన్నడు. రెండో పొర కెమెరాలో ఉన్నదని నాకు అప్పుడు వెలిగింది. స్టూడియోలో మేము డిజిటల్ ఫోటోను కంప్యూటర్ మీద పెద్దగ చేసుకుంట పోతే, ముక్కు పోయి, కన్ను పోయి, ఆఖరుకు ఉత్త గళ్లే మిగిలేవి. రీలు మీద అసొంటి గళ్లు ఉండవు, ఉత్త ఇసుక చల్లినట్టు ఉంటది. డిజిటల్ కెమెరా కన్నే ఒక జాలీ. మా బావ జాలీ మీద ఆ జాలీ పడ్డది. దానికి ఏదో ఫ్రెంచి పేరున్నదని, మోయిరే అంటరని చాలా ఏండ్లకు తెలిసింది. పలుకుదామంటే నోరు తెరుచుకొని అట్లనే ఉండిపోతది, ఆ పేరు పెట్టినోనికి వేరే పనేమీ లేకుండె.

సోమవారం నేను కూడా పోయిన, చంకలో దోమతెరతో. యజమాని పెద్ద టేబులు వెనుక, మేనేజరు పక్కన, ఎదురుగ బావ, బావ పక్కన నేను. టేబులు మీద ఆ కలర్ ప్రింటు. ముందుగాల రోలు తెప్పించి చూడండి సార్ అని నేను మొదలుపెట్టిన. మేనేజరు నన్ను పురుగును చూసినట్టు చూసి, రోలు ఎందుకు, ఫోటో ఉన్నది గదా అన్నడు. ఆ మాటను రాయి మీద చెక్కిచ్చి గేటు కాడ పెట్టాలె అనిపిచ్చింది. నేను దోమతెర విప్పి, రెండు పొరలు వేసి, అలలు చూపిచ్చి, ఊపిరి సలుపకుండ ఉపన్యాసం ఇచ్చిన. యజమాని ఓపిగ్గ విని, బాగుందయ్యా, కానీ మా ఇంట్ల దోమలు లేవు అన్నడు. నేను దోమతెరలు అమ్మేటోన్ని అనుకున్నడు.

అట్ల కాదని, మేనేజరు కెమెరాతోనే రోలును దగ్గరి నుంచి ఒక ఫోటో, దూరం నుంచి ఒక ఫోటో తీయమన్న. బతిమాలి బతిమాలి రోలును లోపలికి తెప్పిస్తే, మేనేజరు దాన్ని గోడకు ఆనించి, కంటితో కాకుండ మళ్లా కెమెరాతోనే చూసిండు. దగ్గరి ఫోటోలో అలలు లేనే లేవు. దూరపు దాంట్లో పెద్ద పెద్ద అలలు. కెమెరాను కొంచెం పక్కకు వంచితే అలలు కూడా వంగినయి. ఇంకేం కావాలె, రోలు కదలలేదు, అలలు కదిలినయి, కేసు కొట్టేసినట్టే అనుకున్న. మేనేజరు గొంతు సవరించుకొని యజమానితో, చూసిన్రా సార్, నేత ఎంత అన్యాయంగ ఉన్నదంటే ఒక్కో ఫోటోకు ఒక్కో తీరుగ పాడైతున్నది అన్నడు. ఆ క్షణంలో నేను మనిషి జాతి మీద ఆశ వదులుకున్న. బుద్ధి లేనితనంలో కూడా ఒక ఎత్తు ఉంటది, ఆ ఎత్తు నుంచి చూస్తే ఎవరెస్టు గులకరాయి.

బావ అప్పటిదాకా తల దించుకొని ఎదుటి మనిషి బొత్తాలు చూసుకుంట కూర్చున్నడు. ఆ బొత్తాలు మేనేజరు అంగీవి, సన్న సన్న నీలి గీతల అంగీ, అబిడ్స్‌లో కొన్నదని ఆయన వచ్చిన దగ్గరి నుంచి రెండుసార్లు చెప్పిండు. బావ మెల్లగ నా దిక్కు వంగి, సారుకు కూడా ఒక ఫోటో తీయి బామ్మర్దీ, రోలు కాడ నిలబెట్టి అన్నడు. ఫోటో అంటే మేనేజరు కాదంటడా. కెమెరా నాకిచ్చి, రోలు పక్కన నిలబడి, జుట్టు సర్దుకొని, కడుపు లోపలికి పీల్చి, అందమైన వస్తువు పక్కన ఇంకా అందమైన వస్తువు తీరు నవ్విండు. నేను గది ఆ మూలకు పోయి నొక్కిన.

కంప్యూటర్లో తెరిచినం. మేనేజరు నవ్వు బాగానే వచ్చింది. మెడ కింది నుంచి నడుము దాకా మాత్రం అంగీ మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఊదా, అన్ని రంగుల అలలు. సరిగ్గా కడుపు ఎత్తుగున్న కాడ అవి గుండ్రంగ సుడి తిరిగి, బావిలో రాయి వేసినట్టు వలయాలు వలయాలుగ విచ్చుకున్నయి. యజమాని తెర దిక్కు చూసిండు, అంగీ దిక్కు చూసిండు, మళ్లా తెర దిక్కు చూసిండు. అప్పుడు బావ లేచి నిలబడి, చేతులు కట్టుకొని, ఎంతో మర్యాదగ, ఈ అంగీ నేను నెయ్యలేదు సార్ అన్నడు.

యజమాని నవ్విన నవ్వుకు చాయ్ తెచ్చేటాయన గ్లాసులతో సహా గుమ్మంలోనే ఆగిపోయిండు. నవ్వి, కండ్లు తుడుచుకొని, రోలు కాడికి పోయి, మొదటిసారి దాని మీద అరచెయ్యి పెట్టిండు. ఒక్కసారి అటు నుంచి ఇటు నిమిరి, మగ్గం నడిపించుకోపో అన్నడు బావతో. బావ అక్కడనే రోలు కొస కత్తిరించి, పేపర్లో చుట్టి, గేటు కాడున్న లారీ డ్రైవరు చేతుల పెట్టి వచ్చిండు. గుజరాత్‌లో రోలు దించుకున్నరు, మళ్లా మాట లేదు. మేనేజరు మాత్రం క్షమాపణ చెప్తడని మీరనుకుంటే, మీకు మేనేజర్ల సంగతి తెలవదన్నట్టు. కెమెరాలో ఏదో లోపమున్నదని తేల్చి, దాన్ని దుబాయ్‌కి రిపేరుకు పంపిండు. వాళ్లు ఏ లోపమూ లేదని తిప్పి పంపిన్రు. దుబాయ్ వాళ్లకు తెలివి లేదని ఆయన చనిపోయేదాకా చెప్పుకున్నడు.

మా బావ ఆ రాత్రి అన్నం ముందర కూర్చొని తన గురించి తాను ఎంత గొప్పగ చెప్పుకున్నడో, మా అక్క సంతోషంతో అన్నం మారుమారు వడ్డిస్తనే ఉన్నది.

ఆ తరువాత ఏండ్లు గడిచినయి. యజమాని కంపెనీని ఎవరికో అమ్ముకొని పోయిండు. ముత్తంగి కాడ పెద్ద రోడ్డు వచ్చి, దాని పక్కన విమానాలు దిగేంత గోదాములు లేచినయి. బావ మాత్రం అదే షెడ్డులో, కొత్త మగ్గం మీద, నెరిసిన జుట్టుతో. ఆయన దిగిపోయే ముందర మగ్గం మీద ఒక కెమెరా బిగించిన్రు. నేత దిగుతుంటే అదే చూస్తదట, బాగుంటే పచ్చలైటు, బాగలేకుంటే ఎర్రలైటు, ఎర్రలైటు వెలిగితే ఆ రోలు పక్కకు పోవుడే, ముక్క కోసుడు గిట ఏమీ లేదు. ఒకనాడు బావ రోలుకు ఎర్రలైటు వెలిగింది. ఆయన చెయ్యి పెట్టి చూసుకున్నడు, భూతద్దం పెట్టి చూసుకున్నడు, ఏ తప్పూ దొరకలేదు. కొత్త మేనేజరు కాడికి పోయిండు. ఈ మేనేజరు చిన్నోడు, మంచోడు, సెంటు లేదు, కడుపు లేదు, అంకుల్ అని లేచి కుర్చీ వేసి, ఇది మీ తప్పని ఎవరూ అనలేదు అంకుల్, సిస్టమ్ రిజెక్ట్ చేసింది అంతే అన్నడట. రోలు వచ్చి చూడమని బావ అడిగితే, నేను చూసినా అది మారదు అంకుల్ అన్నడట, ఎంతో బాధపడుకుంట.

బావ నాకు ఫోన్ చేసిండు. నాకు పాత ఉత్సాహం వచ్చింది. ఇస్త్రీ అంగీ వేసుకొని, కండ్లద్దాలు తుడుచుకొని, మోయిరే గురించి, కెమెరా అద్దం అంచుల్లో గీతలను ఎట్ల వంచుతదో దాని గురించి, అన్నీ తొవ్వ పొడుగునా వల్లె వేసుకుంట పోయిన. ఆ మేనేజరు నాకు బిస్కెట్లు పెట్టి, నేను చెప్పిందంతా శ్రద్ధగ విని, నిజమే సార్, అట్ల కావచ్చు అన్నడు. సంబురపడి, అయితే ఆ కెమెరా తీసిన ఫోటో చూపియ్యి, తప్పు ఎక్కడున్నదో నేను చెప్త అన్న.

ఫోటో ఉండదు సార్, అది దాచిపెట్టదు, అవును అని ఒకటి, కాదు అని ఒకటి, అంతే చెప్తది అన్నడు.

ఇద్దరం బయటికొచ్చి, బొంతపల్లి రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డం. బావ వెనుకకు తిరిగి షెడ్డు దిక్కు చూసిండు. ఆఖరుకు, ఆ కెమెరా మేనేజరు తిట్టిండు గదా అప్పుడు, తిట్టినోన్ని తిరిగి తిట్టొచ్చు, ఇది మర్యాదగ లైటు వెలిగిస్తది అన్నడు. ఆ నెల గడవక ముందే పని మానుకున్నడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పొమ్మనలేదు, దండ వేసి పంపిన్రు.

మన ఈడు వాళ్లకు ఒక మాట చెప్పాలనిపిస్తది. మనం మన జమానాలో ఎంతమంది తెలివితక్కువ పెద్దమనుషుల కింద పని చేసినమో లెక్క లేదు, వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ నాకు మంట లేస్తది. కానీ వాళ్లకు ఒక టేబులు ఉండె, దాని ముందర మనం నిలబడే జాగ ఉండె, తప్పు చూపియ్యమంటే కండ్ల ముందర ఒక కాగితం పడేసేటోళ్లు. ఇప్పుడు తప్పు ఎక్కడున్నదో వేలు పెట్టి చూపిద్దామంటే, వేలు పెట్టే జాగనే లేదు.